చాయ్ తాగి వచ్చేలోపు పెళ్ళి

పొద్దున్నే షట్టరు ఎత్తగానే జితేందర్ చేసే మొదటి పని చెప్పులు గడప బయట విడవడం. రెండోది, లోపలికి పోయి కంప్యూటరు మీట నొక్కడం. మూడోది, వెంటనే బయటికి వచ్చి మళ్ళీ చెప్పులు వేసుకుని ఎదురుగా ఉన్న హోటల్‌కు చాయ్ తాగడానికి పోవడం. ఈ చాయ్‌కి ఒకప్పుడు కారణం ఉండేది. ఆయన చాయ్ తాగి, అక్కడి పేపరును మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ క్రికెట్ దాకా చదివి తిరిగి వస్తే గాని పాత కంప్యూటరు నిద్ర లేచేది కాదు. ఒక్కోరోజు అప్పటికీ లేచేది కాదు. అప్పుడాయన జ్వరం వచ్చిన పిల్లవాడిని చూసినట్టు దాని నెత్తి మీద చెయ్యి వేసి చూసి, రెండో చాయ్‌కి పోయేవాడు. ఇప్పుడున్న కొత్త కంప్యూటరు మీట మీంచి వేలు తీసేలోపే లేస్తుంది. కారణం పోయింది. చాయ్ మాత్రం ఉంది.

సూర్యాపేటలో ఆయన ఇంటి పైవాటాలో మేం కిరాయికి ఉంటాం. మా మెట్లు దిగితే ఆయన స్టూడియోనే. బోర్డు మీద, ఆయన కొలిచే లింగమంతుల స్వామి పేరున, 'లింగమంతుల డిజిటల్ వీడియో మిక్సింగ్' అని ఉంటుంది. 'డిజిటల్' అన్న మాట తర్వాతి కాలంలో ఇరికించింది కాబట్టి దాని రంగు వేరు, లావూ వేరు. షట్టరు లోపల సగం జితేందర్‌ది, సగం ఆయన భార్య సరళది. ఆమె జాకెట్లు కుడుతుంది. ఇద్దరిదీ కోసి అతికించే పనే గాని, తన కత్తెర ఎప్పుడూ ఆగిపోలేదని ఆమె రోజుకు ఒక్కసారైనా అంటుంది.

జితేందర్‌ది మోతె. వాళ్ళ నాయన బక్కయ్య ఇప్పటికీ అక్కడ గొర్లను కాస్తాడు. సాయంత్రం మందను దొడ్డిలోకి తోలేటప్పుడు ఆయన దడి దగ్గర నిలబడి ఒక్కో గొర్రె ముఖం చూసి లోపలికి వదులుతాడు. లెక్కపెట్టడు, చూస్తాడంతే. ఏదైనా రాకపోతే ఆ ముఖం కనబడలేదని ఆయనకు తెలిసిపోతుంది. క్యాసెట్ల కాలంలో సూర్యాపేటకు వచ్చి మిక్సింగ్ నేర్చుకున్న కొడుకు, గొర్లను వదిలేశాడు గాని ఆ చూపును వదల్లేదు. పెళ్ళి వీడియో పూర్తయ్యాక ఆయన స్టూలు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూస్తాడు. పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ దొడ్డిలోకి వచ్చారా లేదా అన్నదే ఆ చూపు. మా వైపు పెళ్ళి వీడియోను పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి కోసం ఎవరూ చూడరు. ఎవరికి వారు తాము ఎక్కడ కనబడతామోనని చూస్తారు. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టి, భోజనాల దగ్గర నోటినిండా లడ్డూతో పట్టుబడ్డ పెదనాయనను కూడా జితేందర్ కత్తిరించేవాడు కాదు. పైగా ఆయన ముఖాన్ని ఒక గులాబీలోంచి విచ్చుకునేట్టు చేసేవాడు. గులాబీ అంటే ఆయనకు ప్రాణం. ఆయన మిక్సింగ్‌లో పెళ్ళికూతురు గులాబీలోంచే వస్తుంది, పురోహితుడు గులాబీలోంచే వస్తాడు, వంట గాడిపొయ్యి కూడా గులాబీలోంచే వస్తుంది.

గులాబీలు బాగానే సాగుతుండగా కెమెరాలు మారాయి. ఆయన దగ్గర పనిచేసే కెమెరామన్ కొత్త కెమెరా కొన్నాడు. అందులో తీసిన బొమ్మ ఎంత స్పష్టమంటే పెళ్ళికొడుకు మీసం కింద పెట్టుకున్న పౌడరు కూడా కనబడుతుంది. ఆ ఫైళ్ళను పాత కంప్యూటరులో వేస్తే, పెళ్ళికొడుకు తాళి కట్టడానికి రెండు చేతులూ ఎత్తి అలాగే ఆగిపోయాడు. మౌస్ పట్టుకున్న జితేందర్ కూడా ఆగిపోయాడు. చాలాసేపు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"గా పోరడు ఇంక కట్టలేదా?" అంది కుట్టుమిషను దగ్గర్నుంచి సరళ.

"కడుతుండు, జర ఆగు."

"ముహూర్తం దాటిపాయె."

అప్పటి నుంచి ఆయన కొత్త కంప్యూటరు కోసం పరిశోధన మొదలుపెట్టాడు. నేను ఎం.ఏ.లో చేసిన ప్రాజెక్టు ఆ పరిశోధన ముందు దిగదుడుపు. ఫోనులో వీడియోలు చూస్తాడు. ఒక వీడియోలో ఒకాయన ఈ ప్రాసెసరే కొనాలంటాడు. ఇంకో వీడియోలో ఇంకొకాయన, అది కొన్నవాడు మూర్ఖుడంటాడు. పొద్దున ఒకటి ఖాయం చేసుకుంటాడు, సాయంత్రానికి మార్చుకుంటాడు. చినుకులు మొదలైనప్పుడు మొదలైన వెదుకులాట బతుకమ్మ పండుగ దాటినా తెమలలేదు.

"నన్ను సూడనీకి ఒక్కపూట వచ్చి, చాయ్ తాగి, సరే అని పోయినవ్," అంది సరళ. "గీ డబ్బను సూడనీకి ఇన్ని నెలలా?"

"నువ్వు ఆగిపోతవని ఎవరన్న చెప్పిండ్రా మరి?" అన్నాడు జితేందర్ తలెత్తకుండా. ఆ మాటకు ఆ పూట ఆయన భోజనం సంగతి ఏమైందో నాకు తెలియదు గాని, గిన్నెల చప్పుడు మాత్రం పైవాటా దాకా వినిపించింది.

చివరికి కోదాడలో యుగంధర్ అనే ఆయన దుకాణం నమ్మకమైనదని ఎవరో చెప్పారు. కంప్యూటరు విడిభాగాలు ఏరి, కూర్చి ఇస్తాడు. జితేందర్ బయలుదేరుతుంటే మోతె నుంచి బక్కయ్య వచ్చాడు. పొట్టేలును కొనేటప్పుడు ఒక్కడే పోవడం వాళ్ళింట్లో లేదట. కొనేవాడు మురిసిపోతాడు, పక్కనున్నవాడు పొట్టేలు నోరు తెరిచి పండ్లు చూస్తాడు. కొనేది పొట్టేలు కాదని జితేందర్ ఎంత చెప్పినా, "ఏదైతేంది, పైసలు పెట్టి ఇంటికి తోలుకొచ్చేదే గద" అని తువ్వాల భుజాన వేసుకుని బస్సెక్కాడు.

దుకాణంలో అద్దాల డబ్బా ఒకటి రంగురంగుల లైట్లతో వెలుగుతోంది. జితేందర్ కళ్ళు దాని మీదే పడ్డాయి. బక్కయ్య దాని దగ్గరికి పోయి వీపు మీద అరచేత్తో ఒత్తి చూశాడు. పక్కల తట్టాడు. రెండు చేతులతో కొంచెం లేపి బరువు చూశాడు.

"గీ లైట్లెందుకు? ఇదేమన్న బతుకమ్మనా?" అన్నాడు.

"అందానికండి," అన్నాడు యుగంధర్. ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడ మనిషి కాబట్టి మాటకు చివర ఆ 'అండి' ఉంటుంది.

"ఏం మేస్తది?"

"ఏంటండీ?"

"తిండి. ఏం తింటదని అడుగుతున్న."

"కరెంటండి, పెద్దాయనా."

"ఎంత తింటది?"

యుగంధర్ నవ్వలేదు. "అది అడగాల్సిందేనండి. వీడియోలు చేసే మిషను కదా, గట్టిగానే తింటుంది. చవక పవర్ సప్లై పెడితే తిండి చాలక పని మధ్యలో పడుకుంటుంది. మంచిదే వేస్తాను."

"నీళ్ళు?"

"కొన్నిటికి నీళ్ళు కూడా ఉంటాయండి. లోపల సన్నటి గొట్టాల్లో తిరిగి చల్లబరుస్తాయి. మీ అబ్బాయి పనికి అంత అక్కర్లేదు, ఫ్యాను చాలు."

బక్కయ్య కొడుకు వైపు తిరిగాడు. "నేను మజాకుకు అడిగిన బిడ్డా. నిజంగనే తాగుతయట!"

తర్వాత యుగంధర్ ఒక్కో వస్తువు చేతిలో పెట్టి చెప్పాడు. "ప్రాసెసరంటే వంటాయన అనుకోండి అన్నా. ర్యామ్ అంటే వంటగట్టు. గట్టు ఇరుకైతే ఎంత మంచి వంటాయనైనా ఒక గిన్నె దించితేగానీ ఇంకో గిన్నె పెట్టలేడు. అందుకే ర్యామ్ దగ్గర పిసినారితనం వద్దు. గ్రాఫిక్స్ కార్డంటే పెద్ద వంటకు సాయం పిలుచుకునే మనుషులు. ఇక ఈ ఎస్‌ఎస్‌డీ చేతికందే అలమర. మీ పాత హార్డ్‌డిస్కు అటక. పెళ్ళయిపోయాక సామాను అటక మీద పెట్టుకోవాలి గానీ, వంట జరుగుతుండగా అటకెక్కి దిగుతుంటే ఎలా?"

జితేందర్ తల ఊపాడు. చూపు మాత్రం లైట్ల డబ్బా మీదే ఉంది.

"ఆ డబ్బాకు పెట్టే పైసలు మానిటరు మీద పెట్టండి అన్నా," అన్నాడు యుగంధర్. "రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడాలి. పసుపు పట్టుచీర మీ తెర మీద నారింజరంగులో కనపడిందనుకోండి, మీరు సరిచేస్తానని పాడు చేస్తారు. ఆ చీర కొన్నావిడ ఊరుకోదు."

"మంచి మానిటరే ఇయ్యి," అన్నాడు జితేందర్. తర్వాత చిన్న గొంతుతో, "గా లైట్ల డబ్బ సుతం పెట్టు" అన్నాడు.

సాఫ్ట్‌వేరు దగ్గరికి వచ్చేసరికి పొద్దు తిరిగింది. నెలనెలా కిరాయి కట్టేది ఒకటి ఉందని, ఒకేసారి కొనుక్కునేది ఒకటి ఉందని, ఊరికే వచ్చేది కూడా ఒకటి ఉందని యుగంధర్ చెప్పాడు.

"ఊరికె వచ్చేదాంట్ల మోసమేంది?"

"మోసం లేదండి. చక్కగా పనిచేస్తుంది. కాకపోతే కూర్చుని నేర్చుకోవాలి."

జితేందర్ ముఖం వాడిపోయింది. ఇన్నేళ్ళుగా ఆయన వేళ్ళకు తెలిసింది పాత సాఫ్ట్‌వేరు ఒక్కటే. అది కొత్త కంప్యూటరులో ఎక్కదు.

"పోనీ, ఈ కిరాయి దాంట్లో ఆటో అని ఉందండి," అన్నాడు యుగంధర్. "ఫైళ్ళన్నీ దానికిచ్చేస్తే అదే చూసుకుని, ముఖాలు బాగా కనపడేవి, కెమెరా కదలనివి ఏరుకుని, పాటకు తగ్గట్టు కోసి పెడుతుంది. కాకపోతే చివర్లో ఒక్కసారి మీరే మొత్తం..."

జితేందర్ అప్పటికే లేచి నిలబడి, "గదే ఎక్కియ్యి" అంటున్నాడు. యుగంధర్ మాటలో రెండో సగం కోదాడలోనే ఉండిపోయింది.

కొత్త కంప్యూటరు సూర్యాపేటకు వచ్చింది. బక్కయ్య దాని వెనక తీగకు దిష్టి తగలకుండా నల్లదారం కట్టి, తృప్తిగా మోతె బస్సెక్కాడు. సరిగ్గా అదే వారంలో మిర్యాలగూడ పెళ్ళి తగిలింది.

మిర్యాలగూడలో రైసుమిల్లు గుమస్తా మహేశ్వర్ కూతురు శైలజ పెళ్ళి అది. ఆ ఇంట్లో ఒక పాత చిక్కు ఉంది. మహేశ్వర్‌కు ఒక్కతే అక్క, పేరు సక్కుబాయి, గరిడేపల్లిలో ఉంటుంది. ఎప్పుడో మహేశ్వర్ ఇల్లు కట్టుకున్నప్పుడు, పనుల హడావిడిలో అక్కను గృహప్రవేశానికి ఫోను చేసి పిలిచాడు. పోయి బొట్టు పెట్టి పిలవలేదు. ఫోనులో పిలిస్తే చుట్టాలు వస్తారు, ఆడబిడ్డ రాదు అంది సక్కుబాయి. ఆ ఇంటి గడప తొక్కలేదు. తమ్ముడితో మాట్లాడలేదు. పలకరించడానికి తమ్ముడికి మొహం చెల్లలేదు. అలా ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు బిడ్డ పెళ్ళికి మహేశ్వర్ భార్యను వెంటబెట్టుకుని గరిడేపల్లి పోయాడు. భార్య బొట్టు పెట్టింది, మహేశ్వర్ తలవంచుకుని నిలబడ్డాడు. సక్కుబాయి వస్తాననలేదు, రాననలేదు.

పెళ్ళినాడు వచ్చింది. మా వైపు పెళ్ళిళ్ళలో కుమ్మరి ఇంటి నుంచి ఐరేని కుండలు తెస్తారు. తెల్లటి సున్నంతో, ఎర్రటి జాజుతో బొమ్మలు వేసిన కుండలు అవి. డప్పులు ముందు నడుస్తుంటే ఆడవాళ్ళు వాటిని నెత్తిన పెట్టుకుని వస్తారు, పైన నలుగురు నాలుగు కొసలు పట్టుకున్న బట్ట పందిరిలా సాగుతుంది. మొదటి కుండ ఆ ఇంటి ఆడబిడ్డది. సక్కుబాయి ఎవరితోనూ ఏమీ అనకుండా కొంగు తల మీదికి లాక్కుని మొదటి కుండ ఎత్తుకుంది. తమ్ముడి ఇంటి గడప మొదటిసారి అలా దాటింది. పెళ్ళి చూసి, తిని, తమ్ముడితో మాట్లాడకుండానే సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

మర్నాడు మహేశ్వర్ జితేందర్ చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, మా అక్క పదహారు పండుగకు మళ్ళ వస్తనన్నదట. వీడియో సూద్దామని వస్తదట. నాతోని కాదు, నా బిడ్డతోని చెప్పింది. గప్పటికి నువ్వు వీడియో తేవాలె. ఆమె కుండ ఎత్తుకున్నది అందరు సూడాలె."

పెళ్ళయిన పదహారో రోజుకు పిల్లను, అల్లుణ్ణి పిలిచి, యాటను కోసి చుట్టాలందరికీ కూరతో భోజనం పెట్టే పండుగ అది. అంతలో వీడియో ఇవ్వడం పాత కంప్యూటరుతో అయ్యే పని కాదు. కొత్తది ఉందన్న ధైర్యంతో జితేందర్ "ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఒక పొద్దున షట్టరెత్తి, చెప్పులు విడిచి, పెళ్ళి ఫైళ్ళన్నీ కంప్యూటరుకు అప్పజెప్పి, ఆటో నొక్కి, ఆయన చాయ్‌కి పోయాడు. తిరిగి వచ్చేసరికి పెళ్ళి అయిపోయింది. మొత్తం పెళ్ళి. పాటతో సహా. ఇదివరకు కంప్యూటరు లేవడానికి పట్టిన సమయంలో పిల్ల అత్తగారింటికి కూడా వెళ్ళిపోయింది. జితేందర్ మొదలు కాస్త చూశాడు. డ్రోను ఆకాశంలోంచి దిగుతూ ఇంటి డాబాను, పందిరిని చూపిస్తోంది. చివర కాస్త చూశాడు. అక్షింతలు మంచులా నిదానంగా రాలుతున్నాయి. ఆయన కళ్ళు చెమర్చాయి.

"స్టూలు ఏసుకుని మొత్తం సూడవా?" అంది సరళ.

"ఏం సూడాలె? సినిమా లెక్క వచ్చింది."

"గులాబీలు ఏవి?"

"గవి పాత ఫ్యాషన్," అన్నాడు జితేందర్. నిన్నటిదాకా గాడిపొయ్యిని గులాబీలోంచి తెప్పించిన మనిషి.

పదహారు పండుగకు సరళ కూడా మిర్యాలగూడ పోయింది. కాబట్టి అక్కడ జరిగింది నాకు ఆమె చెప్పిందే. ఆమె చెప్పేటప్పుడు ఎవరి గొంతు వాళ్ళదిగా చేసి చూపిస్తుంది. ఆ గొంతుల్లో కొంత ఆమె సొంత కల్పన ఉంటే ఉండొచ్చు.

భోజనాలకు ముందే అందరూ టీవీ ముందు చేరారు. సక్కుబాయికి కుర్చీ వేశారు. శైలజ పెన్‌డ్రైవు పెట్టింది. డాబా మీదుగా డ్రోను దిగింది, అందరూ అబ్బా అన్నారు. పూలు రాలాయి, దీపాలు మెరిశాయి, శైలజ నవ్వింది, శైలజ మళ్ళీ నవ్వింది, శైలజ నెమ్మదిగా తల తిప్పి ఇంకోసారి నవ్వింది. చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు ముందుకు వంగి తమ ముఖాల కోసం వెదకడం మొదలుపెట్టారు. జీలకర్ర బెల్లం వచ్చింది, తాళి వచ్చింది, అక్షింతలు వచ్చాయి, పాట ఆగింది, టీవీ నల్లబడింది.

ఐరేని కుండలు రాలేదు. కెమెరా నడుస్తూ తీసింది కదా, బొమ్మ ఊగింది. పైన బట్ట ఉంది కదా, నీడ పడింది. కొంగులు కప్పుకుని నడుస్తున్నవాళ్ళకు ముఖాలు లేవు. పనికిరాదని కంప్యూటరు తీసి అవతల పెట్టింది.

సక్కుబాయి కుర్చీలోంచి లేచి తన సంచి వెదుక్కుంది.

"ఆకాశం మీదికెల్లి ఇల్లు సూపిచ్చిండ్రు," అంది. ఎవరికని కాదు, సంచికి చెబుతున్నట్టు. "ఇంటి ఆడబిడ్డను సూపియ్యలె. మంచిదే. ఫోన్ల పిలిచినోళ్ళు వీడియోల ఎందుకు పెడతరు?"

మహేశ్వర్ ముఖం తెల్లబోయింది. తల వంచుకుని గోడవైపు జరిగాడు. ఇన్నేళ్ళ అలవాటు. జితేందర్ ముందుకొచ్చాడు.

"అక్కా, మీ తమ్ముడు కోయమనలే. నేను కొయ్యలే. ఆ కంప్యూటర్ కోసింది."

"కంప్యూటర్‌కు నాకు పగనా బిడ్డా?"

"దానికి మొకాలు కనబడకపోతే మనుషులు లేనట్టేనక్కా. కొత్తది గద, మన పెండ్లిళ్ళు దానికి తెల్వయి. నేను సూడకుండ తెచ్చిన, తప్పు నాది. అసలుది నా దగ్గరున్నది. నువ్వు బువ్వ తిని కూసో. నేను పోయి తెస్త."

"పొద్దుగూకక ముందు గరిడేపల్లి బస్సు ఉన్నది," అంది సక్కుబాయి. "అంతలోపు వస్తే సూస్త. లేకుంటే పోత. మళ్ళ రమ్మని ఎవరు బొట్టు తేవద్దు."

ఆ ఎండలో జితేందర్ బండి మీద సూర్యాపేట వచ్చాడు. షట్టరెత్తాడు. చెప్పులు విడవడం మర్చిపోయాడు. చాయ్‌కి పోలేదు. కంప్యూటరు మాత్రం ఎప్పటిలాగే వెంటనే లేచి, రంగురంగుల లైట్లు వెలిగించుకుని కూర్చుంది. మహా ఉత్సాహంగా ఉంది. ఐరేని కుండల ఫైలు దొరికింది. కుమ్మరి ఇంటి దగ్గర మొదలై పెళ్ళింటి గడప దాకా, ఎక్కడా ఆపకుండా తీసింది. దాన్ని కొంచెం కోసి, పాట పెట్టి, చక్కగా చేద్దామని సాఫ్ట్‌వేరు తెరిచాడు. కత్తెర ఎక్కడుందో కనబడలేదు. ఆటో ఒక్కటే నొక్కి ఎరిగిన మనిషి ఆయన. అటు చూశాడు, ఇటు చూశాడు. ఒకటి నొక్కితే బొమ్మ తలకిందులైంది. ఇంకొకటి నొక్కితే రంగులన్నీ పోయి నలుపు తెలుపైంది. గులాబీ ఉందేమోనని కూడా వెదికాడట, ఆ సంగతి తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. చివరికి ఆ ప్రయత్నం మానుకుని, ఫైలును ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవులో వేసుకుని బండెక్కాడు.

ఆయన మిర్యాలగూడ చేరేసరికి సక్కుబాయి సంచి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. బస్సుకు ఇంకా కొంచెం టైముంది. శైలజ మేనత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

ఈసారి డ్రోను లేదు, పాట లేదు. టీవీలో ఒక్కసారిగా డప్పుల మోత. కుమ్మరి ఇంటి ముందు ఆడవాళ్ళు చుట్టకుదుర్లు సర్దుకుంటున్నారు. ఎవరో "చెప్పులెవరియే ఇవి?" అంటున్నారు. బొమ్మ ఊగుతోంది. గదిలో ఉన్నవాళ్ళకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "గదో నేను!" "అరే, మా చిన్నోడు సూడు, డప్పోళ్ళ ఎంబడి పడ్డడు." "వదినా, నీ కొంగు నేల మీద జీరుతుండె, నేను అప్పుడే చెప్పిన." అద్దంలా మెరిసిన సినిమాలో ఎవరికీ దొరకని ముఖాలు, వీపులు, జడలు, చేతులు ఇందులో అందరికీ దొరికాయి. పట్టుకున్న బట్ట కింద, అందరికంటే ముందు, ఎర్రంచు చీర కప్పుకున్న ఒక వీపు నెమ్మదిగా నడుస్తోంది. నెత్తిన కుండ.

సక్కుబాయి సంచి మాత్రం ఒళ్ళోనే ఉంది.

అప్పుడు డప్పుల మధ్య నుంచి, కెమెరా పక్కనే నడుస్తున్నవాడిది కాబోలు, ఒక మగగొంతు పెద్దగా వినిపించింది.

"ఓ గోప్యా! డప్పు జర నిదానంగ కొట్టుర్రి. మా అక్కకు మోకాళ్ళు నొస్తయ్. ఆమె ఎట్ల నడుస్తే గట్లనే నడువుర్రి."

"లగ్గం టైమైతుంది మామా," అని ఎవరో అన్నారు.

"కానీయిరా. మా అక్క గడపల కాలు పెట్టక ముందు గా ఇంట్ల లగ్గమెట్లయితది?"

డప్పులు నెమ్మదించాయి. వీపూ, కుండా, బట్టా, అన్నీ ఆ నడకకు తగ్గట్టు మెల్లగా సాగాయి. మిక్సింగ్ చేసి ఉంటే అక్కడ పాట ఉండేది. ఆటో చేసినా, జితేందర్ చేసినా పాటే ఉండేది. జితేందర్‌దైతే పాటతో పాటు గులాబీ కూడా.

గదిలో అందరూ టీవీని వదిలి మహేశ్వర్ వైపు చూశారు. ఆయన గోడకు అతుక్కుపోయి నేల చూస్తున్నాడు. సక్కుబాయి మెల్లగా మెడ తిప్పింది.

"నా మోకాళ్ళ సంగతి ఊరందరికి సాటింపేసినవారా?" అంది.

అది ఆమె తమ్ముడితో నేరుగా అన్న మాట. ఎన్నో ఏళ్ళకు మొదటిది.

"డప్పుల మోతల ఎవ్వరికి ఇనబడలేదక్కా," అన్నాడు మహేశ్వర్.

"నాకు గూడ ఇనబడలే. ఇప్పుడు గీ టీవీల అందరికి ఇనబడె గద!"

ముందు శైలజ నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. సక్కుబాయి సంచిని ఒళ్ళోంచి తీసి కుర్చీ కింద పెట్టింది. బయట బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. ఆమె దాని వైపు చూడలేదు, మహేశ్వర్ వైపు చూసి, "చాయ్ ఏమన్న పోస్తరా, గిట్లనే కూసోవెడతరా?" అంది. మహేశ్వర్ తనే వంటింట్లోకి ఉరికాడు. చాయ్‌లో చక్కెర బదులు ఉప్పు వేశాడని సరళ చెబుతుంది గాని, ఆ ముక్క ఆమె కల్పించిందనే నా అనుమానం.

జితేందర్‌కు కూడా ఒక కప్పు ఇచ్చారు. ఆ రోజుకు అదే మొదటి చాయ్.

"బిడ్డా," అంది సక్కుబాయి ఆయనతో. "ఎనుకకెల్లి మంచిగనే తీసినవ్. ముందలికెల్లి ఒక్కటన్న తియ్యకపోతివి."

"కుండ నెత్తిమీద ఉన్నోళ్ళ ముందలికి మా కెమెరా పోరడు ఎట్ల వస్తడక్కా? అడ్డమొచ్చినవని కొడుదువు."

"కొడుదును," అని ఆమె ఒప్పుకుంది.

మరునాడు జితేందర్ కోదాడకు ఫోను చేశాడు. "యుగంధర్ గారూ, ఆ ఊరికె వచ్చేదాంట్ల కత్తెర ఎక్కడుంటదో జర చెప్తరా?" అవతలాయన నవ్వి ఉంటాడు. ఆ చలికాలమంతా జితేందర్ కూర్చుని నేర్చుకున్నాడు. మా మెట్ల మీదికి ఆయన విసుగు వినిపిస్తూనే ఉండేది. "గిదెక్కడ పెట్టి సచ్చిండ్రు?" అని ఆయన, "నన్నడుగు, నా కత్తెర ఇస్త" అని సరళ. గులాబీ కూడా దొరికింది. కొత్త తెర మీద అది ఇంకా ఎర్రగా ఉందని ఆయన చాలా సంతోషించాడు.

ఇప్పుడు లింగమంతుల డిజిటల్ వీడియో మిక్సింగ్‌లో ఒక్కో పెళ్ళికి రెండు పెన్‌డ్రైవులు ఇస్తారు. ఒకటి పిల్లలు ఫోనుల్లో పెట్టుకునే చిన్నది. రెండోది ఐరేని కుండల నుంచి అప్పగింతల దాకా కోయని పెద్దది, మాటలు మాటల్లాగే, డప్పులు డప్పుల్లాగే. పెద్దదాన్ని ఇచ్చే ముందు జితేందర్ స్టూలు మీద కూర్చుని మొత్తం చూస్తాడు. వచ్చే ఫాల్గుణంలో గరిడేపల్లిలో సక్కుబాయి మనవరాలి పెళ్ళి ఉంది. మిక్సింగ్ ఆయనదే.